మేడం బొమ్మకు సున్నా

అత్త పోయిందన్న కబురు ఇంట్లోవాళ్లకంటే ముందు మా ముదలాళి నాకు చెప్పాడు. ముదలాళి అంటే మా వర్క్‌షాపు యజమాని. పుదుచ్చేరిలో తెలుగువాళ్లం కూడా యజమానిని ఆ తమిళ మాటతోనే పిలుస్తాం. గోరిమేడు ఆసుపత్రిలో యంత్రాలు బాగుచేసే విభాగంలో అత్త శిష్యుడొకడు ఉన్నాడు. నాన్న ఇంకా డాక్టరు గది బయట నిలబడి ఉండగానే అతను అందరికీ ఫోన్లు చేసేశాడు. ముత్తియాల్‌పేటలోని వర్క్‌షాపులో నేను బోర్డుకు సోల్డరింగ్ చేస్తుంటే, ముదలాళి వచ్చి పక్కన నిలబడి, "మేడం పోయినారు పాపా" అని, నాకంటే ముందు తనే ఏడ్చేశాడు. అత్త క్లాసులో ఆయనది ఆఖరి బెంచీ. ఏడుపులో మాత్రం మొదటి బెంచీ.

నేను ఏడవలేదు. సోల్డరింగ్ ఐరన్ స్టాండులో పెట్టి, స్విచ్చి ఆపి, సంచీ భుజాన వేసుకున్నాను. ఐరన్ ఆపకుండా బయటికి పోయినవాళ్లను అత్త ఏమనేదో నాకు తెలుసు. ఆమె శవం ముందు నిలబడి ఆ మాట గుర్తు తెచ్చుకోవాలని నాకు లేదు.

సాయంత్రానికి ఫోను నిండా సంతాపాలు. మహాతల్లి, దేవత, మా జీవితాల్లో దీపం వెలిగించిన చేయి. చదవలేక మూసేశాను. అత్త దీపం వెలిగించే రకం కాదు. వెలుగుతున్న దీపం దగ్గరికొచ్చి, ఇదెందుకు ఇంత వేడెక్కుతోందని అడిగి, జవాబు రాకపోతే ఆర్పేసి పోయే రకం. ఆమెను దేవతను చేసినవాళ్లలో ఒక్కరైనా ఆమె చివరి రెండేళ్లలో చెప్పిన మాట విన్నారా అంటే, లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

తెలుగులో రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. అత్తకు తెలుగు చదవడం రాదు. మా ఇళ్లలో చాలామందికి రాదు. మాట్లాడేది తెలుగు, చదివేది తమిళం. మా అమ్మ నెల్లూరు వైపు నుంచి వచ్చిన కోడలు గనక నాకు అక్షరాలు నేర్పింది. అంటే, అత్త బతికి ఉండి ఈ కాగితాలు ఆమె చేతికి దొరికినా, ఎర్ర పెన్ను పట్టుకుని దిద్దలేదు. ఆమె గురించి భయపడకుండా రాయడానికి నాకున్న భాష ఇదొక్కటే.

ఆమె మా నాన్నకు అక్క. ఊళ్లో ఒక పాలిటెక్నిక్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ పాఠాలు చెప్పి రిటైరయింది. మా ఇంటి కింది వాటాలో ఒక్కతే ఉండేది. పాపం, ఒంటరి మనిషి అని చుట్టాలు అనేవాళ్లు. ఒంటరితనం ఆమెకు పడిన శిక్ష కాదు, చుట్టాలకు ఆమె వేసిన శిక్ష. గంజి పెట్టిన నూలు చీర కట్టేది. అంతకంటే ఎక్కువ గంజి గొంతులో ఉండేది. ఊళ్లో ఒక్కరూ హెల్మెట్ పెట్టుకోని రోజుల్లో ఆమె మోపెడ్ మీద హెల్మెట్ పెట్టుకుని మార్కెట్‌కు పోయేది. వీధి మలుపులో కుర్రవాళ్లు నవ్వితే బండి ఆపి, "మీకు అక్కర్లేదులే, మీ తలల్లో కాపాడుకునేదేం లేదు" అని చెప్పి మరీ కదిలేది.

ఆమెకు నచ్చనివాటిలో మనుషులే ఎక్కువ. బీచి పక్క వీధుల్లో పసుపు గోడలను ఆనుకుని ఫొటోలు దిగే పర్యాటకులంటే పడదు. పెళ్లిళ్లలో మైకు పట్టుకునే పెదనాన్న అంటే పడదు. మా అమ్మ కాఫీ అంటే అసలే పడదు. ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, "ఇది కాఫీనా, కాఫీ గురించి ఎవురో చెప్పిన సంగతా?" అనేది. అమ్మ వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకోవడం నేను చాలాసార్లు చూశాను. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. ఈ విషయంలో నాకు చెప్పడానికి మంచి లేదు.

నా ఇంజనీరింగ్ ఫలితాలు వచ్చిన రోజు స్వీటు డబ్బాతో కిందికి దిగాను. డబ్బా తీసుకుని ఫ్రిజ్జులో పెట్టి, "సరి, ఇంక చదవడం మొదలుపెట్టు" అంది. ఆ మాటకు నేను వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఆ సంగతి గమనించినట్టు కూడా లేదు, దాంతో నాకు ఇంకా ఒళ్లు మండింది.

ఆమెకు ఒక ప్రశ్న ఉండేది. ఎవరేం చెప్పినా దాని దగ్గరికే వచ్చేది: "మిగిలింది యాడికి పోతాది?" రెసిస్టరు వోల్టును తగ్గిస్తుంది మేడం అని విద్యార్థి అంటే, సరే, తగ్గించినావు, మిగిలింది యాడికి పోతాది? వేడిగా పోతుందని చెప్పలేకపోతే బయటికి పొమ్మనేది. పెళ్లి భోజనాల దగ్గర వంటవాణ్ణి సాంబారు గురించి అదే అడిగేది. మా బాబాయి కొడుకు రోజంతా చదువుతున్నానని గొప్పలు పోతే, "తలకెక్కింది పోగా మిగిలింది యాడికి పోతాది రా?" అంది. వాడు ఆ వేసవంతా మా ఇంటికి రాలేదు. ఆమె ఆ ప్రశ్నను పుస్తకంలో నేర్చుకోలేదు. పుట్టడమే దానితో పుట్టినట్టుంది.

ఇప్పుడు ఆమె బొమ్మ గురించి చెప్పాలి. ఎలక్ట్రానిక్స్ తెలియనివాళ్లు భయపడక్కర్లేదు, ఒక్క పేరా ఓపిక పడితే చాలు. ఫ్యాక్టరీల్లో వేడిని, ఒత్తిడిని కొలిచే పరికరాలు తమ లెక్కను వోల్టుల్లో చెబుతాయి, సున్నా నుంచి పది దాకా. దాన్ని వినాల్సిన చిప్పు చిన్న ప్రాణి. పాతవాటికి ఐదు వోల్టులు హద్దు, ఈమధ్య వచ్చినవాటికి మూడు చిల్లర. పదిని తిన్నగా ఇస్తే చస్తాయి. అందుకని మధ్యలో రెండు రెసిస్టర్లు పెట్టి పదిని మూడుకు దించుతారు. ఎక్కడో తీగ చెడి, ఆ పరికరాలను నడిపే ఇరవై నాలుగు వోల్టులు వచ్చి పడితే ఆ దించడం కూడా చాలదు. అందుకని ఇంకో రెండు డయోడ్లు. కిందికి హద్దు దాటినదాన్ని ఒకటి నేలతీగలోకి తోస్తుంది, పైకి హద్దు దాటినదాన్ని రెండోది చిప్పుకు తిండిపెట్టే సప్లై తీగలోకి తోస్తుంది. రెండు రెసిస్టర్లు, రెండు డయోడ్లు. అత్త దీన్ని నల్లబల్ల మీద స్కేలు లేకుండా ఒక్క ఊపులో గీసేది. పిల్లలు దానికి మేడం బొమ్మ అని పేరు పెట్టారు.

ఆ పిల్లలు పెద్దవాళ్లై ఊరంతా వర్క్‌షాపులు పెట్టారు. ముత్తియాల్‌పేట సందుల్లో ఏ కంట్రోల్ పెట్టె మూత విప్పినా లోపల మేడం బొమ్మే ఉంటుంది. మా ముదలాళి అయితే దాన్ని లామినేషన్ చేయించి గోడకు తగిలించాడు. ఆయుధ పూజ రోజు డ్రిల్లింగ్ మిషనుకు, ఇనుము బిగించే వైసుకు పెట్టినట్టే దానికీ విభూతి, కుంకుమ పెడతాడు. ఒక ఏడు అత్త ప్రసాదానికని వచ్చి అది చూసింది. "హారతిస్తే వోల్టు దిగుతాదా?" అని అడిగింది. ఆయన అది ఆశీర్వాదం అనుకుని నవ్వాడు.

ఆ వర్క్‌షాపులో నేను చేరతానన్నప్పుడు అత్త ముఖం చూడాల్సింది. నెలకోసారి బెంగుళూరు పోతానని పెట్టె సర్దడం, మళ్లీ విప్పడం నా పనిగా ఉన్న రోజులవి. "వాడి దగ్గరా? వాడు నా దగ్గర చదివినాడని ఎవురితోనూ చెప్పొద్దని చెప్పు వాడికి" అంది. నేను చేరింది సగం ఆ మాట మీద కోపంతోనే. చేరాక తెలిసింది, ఆమె తక్కువే చెప్పిందని. ఆయన దగ్గర బోర్డు గీయడమంటే పాత బోర్డును కాపీ చేయడం. కొత్త చిప్పు వచ్చిందా, పాత చిప్పు తీసి ఆ చోట కొత్తది పెట్టు. మిగతా బొమ్మ తాకకూడదు, అది మేడంది. నాకిచ్చిన పని అంకెలు చూపించే ప్రోగ్రాం రాయడం వరకే.

అలా తయారైన ఒక పెట్టె కురుచికుప్పానికి పోయింది. అక్కడ సముద్రం పక్కనే చేపలు దాచే చల్లగది ఉంది. పడవల సరుకు లారీ ఎక్కేదాకా అందులో గడ్డకట్టి ఉంటుంది. గదిలో చలి ఎంతుందో మా పెట్టె బయట అంకెల్లో చూపిస్తుంది; ఆ అంకెను బట్టే చల్లబరిచే యంత్రాన్ని నడుపుతుంది, ఆపుతుంది; మైనస్ పది కంటే వేడెక్కితే గంట కొడుతుంది. దానికి రెండు తీగలు వస్తాయి. ఒకటి లోపలి చలిది, రెండోది చల్లబరిచే యంత్రంలోని గ్యాసు ఒత్తిడిది. తలుపు దగ్గర కుర్చీలో ఒక ముసలాయన కాపలా ఉండేవాడు. ఒకప్పుడు పడవ మీద పోయినవాడు, నడుము పట్టేశాక ఈ పని. సరుకు పెట్టాక తలుపు వేయడం, అంకె చూడడం, గంట మోగితే ఫోను చేయడం ఆయన డ్యూటీ.

ఒక పొద్దున గది తెరిస్తే కుళ్లు వాసన గుప్పుమంది. బయట అంకె మాత్రం మైనస్ పదమూడు. గంట మోగనే లేదు.

నేను, ముదలాళి పరుగెత్తాం. గది ఓనరు అరుస్తున్నాడు. సరుకు పెట్టుకున్న ఆడవాళ్లు గంపలు బోర్లించి మా ముందే చేపలు పారబోస్తున్నారు. ముదలాళి ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని తన పెట్టెను చూసుకున్నాడు. అంకె చల్లగానే ఉంది కదా, అంటే పెట్టె కరెక్టు. పెట్టె కరెక్టయితే తలుపు వేయలేదన్నమాట. తలుపు వేయకపోతే తప్పు ముసలాయనది. మూడు మెట్లలో తేల్చేశాడు. గట్టిగా ఆలోచించడం నేను ఆయనలో మొదటిసారి చూసింది అప్పుడే, అది తప్పించుకోవడానికి.

ముసలాయన తలుపు వేశానన్నాడు. ఓనరు మళ్లీ అడిగాడు. వేశాననే అన్నాడు. ఆడవాళ్లు అడిగారు, ముదలాళి అడిగాడు, దారిన పోయేవాడు కూడా ఆగి అడిగాడు. వేసినట్టే గుర్తు అన్నాడు. కుర్చీ మీది తువ్వాలు తీసుకుని ఇంటికి పొమ్మన్నారు, పోయాడు.

పది రోజుల తరవాత ఒక మధ్యాహ్నం అత్త పెరుగన్నం తింటుంటే నేను ఈ కథ చెప్పాను. ముదలాళి రుమాలు, ఆయన మూడు మెట్లు, అన్నీ అనుకరించి చూపించాను. ఆమెను నవ్వించడం నాకు వచ్చిన కొద్ది విద్యల్లో ఒకటి. ఆమె నవ్వలేదు.

"రెండో తీగ ఎట్ట ఉన్నింది?"

ఉప్పుగాలికి పైతొడుగు తిని, లోపలి రాగి పచ్చగా మారి, పక్కనున్న ఇరవై నాలుగు వోల్టుల తీగకు అతుక్కుని ఉందని చెప్పాను. విడదీసి టేపు చుట్టి వచ్చామని కూడా.

"విడదీస్తానే అంకె ఏమైంది?"

పైకి దూకింది. తలుపు తెరిచి ఉంది గనక వేడెక్కిందని ముదలాళి అన్నాడు.

అత్త చేయి అన్నంలోనే ఆగిపోయింది. లేచి చేయి కడుక్కుని, "ఆ పెట్టెకి జత ఇంకోటి ఉంటాది కదా, ఎత్తుకురా పో" అంది.

వంటింటి బల్ల మీద కూరగాయలు పక్కకు జరిపి పెట్టె విప్పాం. చలి తీగ రావాల్సిన చోట ఆమె కొలిచిన వోల్టు ఇచ్చింది. అంకె సరిగ్గా చూపించింది. గ్యాసు తీగ రావాల్సిన చోట ఇరవై నాలుగు వోల్టులు పెట్టమంది. పెట్టాను. చలి తీగను మేం తాకనే లేదు. అయినా దాని అంకె దిగడం మొదలుపెట్టింది. ఏమీ చల్లబడకుండానే బల్ల మీద చలి పెరిగిపోయింది.

అత్త మీటరు కొనలు తీసి చిప్పు సప్లై మీద పెట్టింది. మూడు చిల్లర ఉండాల్సింది నాలుగు దాటి ఉంది.

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది, ఆమెకు పట్టలేదు. డయోడు తన పని తాను చేసింది, మిగిలినదాన్ని సప్లైలోకి తోసింది. పాత ఐదు వోల్టుల కాలంలో ఆ సప్లై మీద బోలెడు ఆకలిగొన్న చిప్పులు ఉండేవి, వచ్చింది వచ్చినట్టు తినేసేవి. ఈ కొత్త చిప్పు పిట్టలా తింటుంది. సప్లై ఇచ్చే భాగానికి ఇవ్వడమే తెలుసు, వెనక్కి తీసుకోవడం తెలీదు. అందుకని సప్లైయే పైకి లేచింది. చిప్పు ప్రతిదాన్నీ ఆ సప్లైతోనే పోల్చి కొలుస్తుంది. గజం కర్రే సాగిపోతే గుడ్డ పొట్టిదైనట్టు కనిపించదా? చలి చాలుననుకుని పెట్టె యంత్రాన్ని ఆపేస్తుంది. తలుపు మూసి ఉన్నా గది కరుగుతోంది, అంకెకు మాత్రం చలేస్తోంది.

అందరినీ అడిగిన ప్రశ్నను ఆమె తన బొమ్మనొక్కదాన్నే అడగలేదు. ఆ మాట నేను పైకి అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది. ఆమె మీటరు ఆపి, కొనలు చుట్టి బల్ల మీద పెట్టింది. తరవాత ప్రాక్టికల్ పరీక్షలో విద్యార్థులకు చెప్పే గొంతుతోనే, ఒక్క పిసరు మెత్తబడకుండా, "సున్నా. గీసినదానికి తల లేదు" అంది. ఎవరో మూడో మనిషి గురించి చెప్పినట్టు చెప్పింది.

ఆ రోజు దాకా నేను ఆమె చిన్నచూపును ఓర్చుకున్నానే గాని గౌరవించలేదు. అందరూ తనకంటే తక్కువనే మనుషులు ఊరికి పదిమంది ఉంటారు, మా ముదలాళితో సహా. ఆ చూపు తనవైపు తిరిగినప్పుడు కూడా కళ్లు దించకుండా ఉన్న మనిషిని నేను ఈమెనొక్కదాన్నే చూశాను.

"ఆ ముసలాయన ఇల్లు యాడ?" అని అడిగింది వెంటనే.

ముందు గది ఓనరుకు నిరూపించాలి గదా అన్నాను. ముదలాళికి ఫోను చేసి, మేడం వస్తోంది, పెట్టెలో తప్పు చూపిస్తుందని చెప్పాను. ఆయన విన్నది మేడం వస్తోందన్న మాట ఒక్కటే. మర్నాడు కురుచికుప్పానికి పోయేసరికి నలుగురైదుగురు వర్క్‌షాపువాళ్లు ఇస్త్రీ చొక్కాలతో నిలబడి ఉన్నారు. చేపల వాసన మధ్య ప్లాస్టిక్ కుర్చీ వేసి, దాని మీద తువ్వాలు పరిచారు. ఆమె కూర్చోకముందే భుజాల మీద జరీ శాలువా కప్పి ఫొటో తీశారు. ఆమె ఆ శాలువా తీసి, బల్ల తడిగా ఉందని తుడిచి, పెట్టె దాని మీద పెట్టింది.

తప్పు ఎక్కడుందో చెప్పి, ఇరవై నాలుగు వోల్టులు పెట్టి, మీటరు చూడమంది. ఆ నిమిషం నాకు బాగా గుర్తుంది. మీటరులో అంకె ఎక్కుతోంది. వాళ్లందరూ ఆమె ముఖం చూస్తున్నారు. చేతులు కట్టుకుని, తల ఊపుతూ, క్లాసులో కూర్చున్నట్టే. ఒక్కడి కళ్లూ కిందికి దిగలేదు.

"చిప్పు మారింది మేడం, అంతే. మీ బొమ్మకేం కాలేదు" అన్నాడు ముదలాళి.

"చిప్పు మారింది, బొమ్మ మారలే. తప్పంటే అదే రా."

"మీరు నేర్పిందే కదా మేడం ఇది."

"నేను నేర్పిందే తప్పు అంటా ఉండా."

"అట్ట అనగూడదు మేడం" అని చెంపలు వేసుకున్నాడు. మిగతావాళ్లు నొచ్చుకున్నట్టు చూశారు. ఒకడు నా చెవి దగ్గర, మేడంకు వయసైపోయింది, ఎండలో తిప్పొద్దు అన్నాడు. గౌరవం చెవుడు లాంటిదని నాకు ఆ రోజు తెలిసింది. గౌరవించేవాళ్లకు కావలసింది ఆమె మాట కాదు, ఆమె ఫొటో. పైగా ఆమె మాట ఒప్పుకుంటే ఎన్ని పెట్టెలు విప్పాలో వాళ్లకు తెలియదా? భక్తి అన్నిటికంటే సులువైన బద్ధకం.

మీటరు చూసింది గది ఓనరు ఒక్కడే. ఆయన అత్త దగ్గర చదవలేదు. ఆయనకు అసలు ఎవరి మీదా భక్తి లేదు, మా అందరినీ దొంగలనే అనుకునేవాడు. తప్పు తనదేనని చెప్పుకోవడానికి ఇంత ఎండలో ఎవరొస్తారని అన్నాడు. ముసలాయన్ని పనిలోకి రమ్మని మనిషిని పంపాడు కూడా. పోయినవాడు తిరిగొచ్చి, ఆయన రానంటున్నాడని చెప్పాడు.

అప్పుడు మేం ఆయన ఇంటికి పోయాం. వలలు ఆరబెట్టే చోటు దాటాక చిన్న ఇల్లు. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కోపంతో రానంటున్నాడని నేను అనుకున్నాను. అత్త నిలబడే, తమిళంలో, మీటరు గురించీ డయోడు గురించీ ఏమీ చెప్పకుండా, ఆ పెట్టె అంకె తప్పు చూపించిందనీ, అలా చూపించేలా గీసింది తానేననీ చెప్పింది. క్షమించమని అడగలేదు. ఆ మాట ఆమెకు ఏ భాషలోనూ రాదు.

ఆయన అరుగు మీద కాస్త పక్కకు జరిగాడు. తరవాత అడిగాడు:

"అట్టయితే, అమ్మా, నేను తలుపు వేసినట్టేనా?"

ఆయనకు కోపం కాదు. ఇన్నాళ్లూ అరుగు మీద కూర్చుని, వేశానో లేదో అని ఆ పూటను మళ్లీ మళ్లీ తోడుకుంటూ ఉన్నాడు. అంతమంది అడిగేసరికి తన చేతిని తానే నమ్మడం మానేశాడు. ఇంట్లో దీపం ఆర్పానా, పొయ్యి ఆపానా అని రోజూ లేచి చూస్తున్నాడని ఆయన కోడలు లోపలి నుంచి చెప్పింది. తనలాంటి మనిషికి తలుపు అప్పగించొద్దని పనిలోకి రానన్నాడట.

"వేసినావయ్యా" అంది అత్త. "తలుపు నువ్వు వేసినావు. నేనే వేయలే."

రెండో మాట ఆయనకు అర్థం కాలేదనుకుంటాను. మొదటిది చాలు. అత్త ఆ అరుగు మీద, దుమ్ము దులపకుండా, ఆయన పక్కనే కూర్చుంది. గంజి చీరతో ఆమె అలా కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. కోడలు టీ ఇచ్చింది. అత్త ఆ టీని మొత్తం తాగింది, ఏ వ్యాఖ్యా లేకుండా.

మర్నాడు ఆయన పనిలోకి వచ్చాడు. ఆ పెట్టెలో బొమ్మను నేను మార్చాను. మిగిలింది సప్లైలోకి కాక నేలతీగలోకి పోయేలా ఒక చిన్న భాగం, ఒక పెద్ద రెసిస్టరు, అంతే. పూట పని. ఆ తరవాత అత్త రెండేళ్లపాటు మోపెడ్ వేసుకుని శిష్యుల వర్క్‌షాపులన్నీ తిరిగింది. ప్రతిచోటా కూల్‌డ్రింకు ఇచ్చారు, కాళ్లకు మొక్కారు, చాలా చోట్ల శాలువా కప్పారు. బొమ్మ మార్చినవాళ్లు చాలా తక్కువ. మార్చినవాళ్లలో ఒకడు ఆమె మీద కోపంతో, పాతికేళ్లు తప్పు నేర్పావా అని ముఖం మీదే అడిగి మార్చాడట. ఇంటికొచ్చి అతని గురించి చెబుతూ, "వాడొక్కడికే చదువొచ్చింది" అంది. ఆమె నోటి నుంచి ఒక మనిషి గురించి నేను విన్న అతి పెద్ద పొగడ్త అది. నన్ను ఎప్పుడూ అలా అనలేదు. కాని చివరి ఆరునెలలు, నేను గీసినవి తెచ్చి చూపిస్తే, ఎర్ర పెన్ను మూత తీయకుండా చివరిదాకా చూసి తిరిగి ఇచ్చేసేది. దాన్ని నేను ఏమని తీసుకోవాలో తెలియక అలాగే ఉంచుకున్నాను.

ఆమెను తీసుకుపోయిన రోజు ఇంటి ముందు వీధి నిండిపోయింది. ముదలాళి లామినేషన్ బొమ్మను గోడ మీద నుంచి తీసుకొచ్చి, పూలదండ వేసి, ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు. నేను ఎవరూ చూడకుండా దాన్ని తీసి మంచం కిందికి తోశాను. బతికి ఉండగా తప్పించుకోలేనిదాన్ని చచ్చాకైనా మోయకుండా పోనీ అనిపించింది. ఒకరి తరవాత ఒకరు మైకు లేకుండానే ఉపన్యాసాలిచ్చారు. కన్నీళ్లు కార్చారు. బండి కదలగానే అందరూ ఒకరినొకరు తోసుకుంటూ దాని వెంట పోయారు. మా ఇళ్లలో ఆడవాళ్లు శ్మశానానికి పోరు. అమ్మ ఇల్లు కడగడానికి నీళ్లు తెస్తోంది, ఏడుస్తూనే. నేను వరండాలో నిలబడ్డాను.

అంతమందిలో ఒక్కరూ గేటు వేయలేదు. రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి, పూలు తొక్కిన నేల మీదికి వీధి కుక్కొకటి వచ్చేసింది.

కురుచికుప్పం ముసలాయన ఎప్పుడొచ్చాడో నేను చూడలేదు. గోడవార నిలబడి ఉన్నాడు, నడుము మీద చేయి వేసుకుని. గుంపు మలుపు తిరిగాక మెల్లగా వచ్చి, కుక్కను అదిలించి బయటికి పంపి, ఒక రెక్క మూశాడు, రెండోది మూశాడు. బయట నుంచే చేయి లోపలికి పెట్టి గడియ వేశాడు. ఒకసారి లాగి చూశాడు. తువ్వాలు భుజాన వేసుకుని సముద్రం వైపు నడిచాడు, మలుపు దాకా, ఒక్కసారి కూడా వెనక్కి తిరగకుండా.